ఏటి నడుమ ఎడారి

మండు వేసవిలో విజయవాడ ప్రకాశం బ్యారేజీ మీద నిలబడితే కృష్ణానది రెండు ముక్కలుగా కనిపిస్తుంది. పడమటి వైపు గేట్లకు ఆనుకుని నిండు నీళ్లు, భవానీ ద్వీపం వైపు సాగే పడవలు. తూర్పు వైపు రైలు వంతెన స్తంభాలు, వాటికి అవతల వారధి, చుట్టూ కనుచూపు మేర ఇసుక. ఆ ఇసుకలో అక్కడక్కడా మడుగులు, వాటి మధ్య సన్నటి పాయలు. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున దిగువకు దిగి వంతెనలు చట్రంలోకి రాకుండా కెమెరా పెడితే, వచ్చిన బొమ్మ జైసల్మేరుదో బందరు రోడ్డు పక్కదో చెప్పడం కష్టం. కృష్ణా డెల్టాలో నేలను, నిత్యజీవితాన్ని బొమ్మ తీసేవాళ్లందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ ఇసుకలోకి దిగక తప్పదు.

ఈ ఇసుక మేట వెనుక మనిషి చెయ్యి ఉంది. 1832-33 నాటి నందన కరువు గుంటూరు సీమను ఊళ్లకు ఊళ్లుగా తుడిచిపెట్టింది. పక్కనే నది పారుతున్నా చేలకు నీరందక జనం చచ్చిపోయారన్న బాధ నుంచే కృష్ణకు అడ్డుకట్ట ఆలోచన బలపడింది. ఆర్థర్ కాటన్ ప్రోద్బలంతో, కెప్టెన్ చార్లెస్ ఓర్ పర్యవేక్షణలో 1852లో మొదలైన ఆనకట్ట 1855కు పూర్తయింది. దాదాపు వందేళ్ల తర్వాత, 1952 వరదలో దానికి గండి పడింది. 1954-57 మధ్య కట్టిన కొత్త బ్యారేజీకి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. 1,223 మీటర్ల పొడవు, 70 గేట్లు. దాని కింద సాగయ్యే ఆయకట్టు సుమారు 13 లక్షల ఎకరాలు. వరద రోజులు పోతే నదికి వచ్చిన నీరు ఏలూరు, బందరు, రైవస్ కాలువల్లోకి, అవతలి గట్టున పశ్చిమ డెల్టా కాలువల్లోకి మళ్లిపోతుంది. అసలు నదిలో మిగిలేది ఇసుకే. కంకిపాడు దగ్గర పచ్చటి వరిచేను, కృష్ణలంక పక్కన బీడుపడ్డ ఏరు ఒకే ఏర్పాటుకు రెండు కొసలు. ఒకదాన్ని తీసి రెండోదాన్ని వదిలేసిన ఫొటో సగం కథే చెబుతుంది.

భూగోళ పుస్తకాల లెక్కలో ఇది ఎడారి కాదు. ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను ఎడారి అంటారు; కృష్ణా జిల్లాలో పడేది వెయ్యి మిల్లీమీటర్ల దరిదాపు. అయినా ఫొటోగ్రాఫరుకు వానలెక్కతో పని తక్కువ. చెట్టూ చేమా లేని విశాలమైన నేల, నీడలతో మాత్రమే తెలిసే ఎత్తుపల్లాలు, దూరాన్ని అంచనా వేయడానికి ఆనవాలు దొరకని శూన్యం, కెమెరా మీటరును మోసం చేసే వెలుతురు: ఎడారిలో ఎదురయ్యే చిక్కులన్నీ ఈ వేసవి ఏట్లోనూ ఎదురవుతాయి. వాటికి తోడు, నిజమైన ఎడారిలో కనబడనంత మంది మనుషులు ఇక్కడుంటారు.

వెలుతురు లెక్క

ఇసుకను బొమ్మ తీయడంలో ప్రపంచం మళ్లీ మళ్లీ తలుచుకునే పేరు ఎడ్వర్డ్ వెస్టన్. 1936లో కాలిఫోర్నియా తీరంలోని ఓషియానో దిబ్బల మధ్య 8x10 అంగుళాల పెద్ద కెమెరాతో ఆయన తీసిన నలుపు తెలుపు చిత్రాల్లో ఇసుక వంపులు మనిషి ఒంటిలా కనిపిస్తాయి. తర్వాతి దశకంలో ఆన్సెల్ ఆడమ్స్ డెత్ వ్యాలీ దిబ్బలను సూర్యోదయ వేళ తీశాడు. వీళ్ల చిత్రాలను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది: ఇసుకకు తనదంటూ ఆకారం లేదు, నీడే దానికి ఆకారం ఇస్తుంది. పొద్దు వాలుగా ఉన్నప్పుడు ప్రతి గీతకూ ఒక వెలుగు అంచు, ఒక చీకటి అంచు ఏర్పడతాయి. పొద్దు నెత్తికెక్కగానే రెండూ కలిసిపోయి నేల తెల్లకాగితమవుతుంది.

ఆ వాలు వెలుతురు ఎంతసేపు ఉంటుందన్నది అక్షాంశాన్ని బట్టి ఉంటుంది. విజయవాడ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఇక్కడ సూర్యుడు దాదాపు నిట్టనిలువుగా పైకి లేస్తాడు. వేసవిలో ఉదయించిన ముప్పావు గంటలో పది డిగ్రీల ఎత్తుకు, రెండు గంటలు దాటీ దాటకముందే ముప్పై డిగ్రీల ఎత్తుకు చేరతాడు. ఐరోపా ఫొటో పుస్తకాల్లో గంటలకొద్దీ సాగే బంగారు వెలుగు గురించి చదివి, ఆరున్నరకు తీరిగ్గా ఘాటుకు చేరుకున్న కుర్రాడికి ఆ వెలుగు చేజారినట్టే. మే నెలలో ఇక్కడ ఆరు గంటలకు ముందే పొద్దు పొడుస్తుంది. చీకటి ఉండగానే ఇసుకలో నడిచి, చోటు చూసుకుని, ముక్కాలిపీట నిలబెట్టుకున్నవాడికే ఆ ముప్పావు గంట దక్కుతుంది.

కర్కటరేఖకు దిగువన ఉన్న ఊరు కాబట్టి విజయవాడకు మరో విశేషం ఉంది. మే మొదటి వారంలో ఒకసారి, ఆగస్టు మొదటి వారంలో ఒకసారి, మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. నిలువుగా పాతిన కర్రకు ఆ క్షణాన నీడ ఉండదు. ఆగస్టులో మబ్బు అడ్డం వస్తుంది గానీ, మేలో ఆకాశం తేటగా ఉంటే ఇసుకలో నడిచే మనిషి నీడ పాదాల కిందే ముద్దగా చేరడం చూడవచ్చు. నేల దృశ్యానికి అంతకంటే పనికిరాని వేళ లేదు. మనుషుల ముఖాలకైతే మరీ కష్టం, కనుగుంటలు నల్లబడిపోతాయి. కానీ ఎండ తీవ్రత గురించే చెప్పదలిస్తే దానికి తగిన వేళ అదే. తలగుడ్డ అంచు కింద దాక్కున్న ముఖం, లారీ కింద నీడలో పడుకున్న కూలీ, వంతెన స్తంభం నీడలోనే వరుసగా నిలబడ్డ గేదెలు పన్నెండింటికి దొరికే బొమ్మలు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు అన్న ఎండను ఉదయపు లేత వెలుగులో తీసి చూపించలేం.

మధ్యాహ్నపు ఇసుకలో దూరంగా నీళ్లు ఊగుతున్నట్టు కనిపించే ఎండమావి ఇక్కడ మామూలే. గాలి 42 డిగ్రీలున్న రోజున ఇసుక పైపొర 60 దాటిపోవచ్చు. నేలకు ఆనుకున్న వేడి గాలిపొరలో కాంతి వంగి, ఆకాశపు తునక నేల మీద కనబడుతుంది. పెద్ద లెన్సుతో దూరపు మనిషిని తీసినప్పుడు కాళ్లు కరిగిపోయినట్టు వస్తే అది ఫోకసు తప్పడం కాదు, ఈ గాలి పని. అలాంటప్పుడు దగ్గరికి నడవడం తప్ప ఇంకో మందు లేదు. వేసవి ఏటిలో పెద్ద లెన్సు కంటే చెప్పులకు ఎక్కువ పని.

కెమెరా మీటరు విషయం కొత్తవాళ్లను ఎక్కువగా ఇబ్బంది పెడుతుంది. ఎదుట ఉన్నదంతా మధ్యస్థమైన బూడిదరంగు అనుకునే తీరులో మీటరు తయారవుతుంది. తెల్లటి ఇసుకను చూడగానే వెలుతురు ఎక్కువైందని భ్రమపడి బొమ్మను నల్లబరుస్తుంది. దాన్ని సరిచేయడానికి ఒక స్టాపు (వెలుగును రెట్టింపు చేసే మెట్టు) నుంచి ఒకటిన్నర స్టాపు వరకు ఎక్కువ వెలుగు ఇవ్వాలి. ఫిల్ము రోజుల్లో విజయవాడ స్టూడియోలవాళ్లు ఈ సంగతిని పెళ్లిళ్లలోనే నేర్చుకునేవారు: తెల్ల పంచెలు, తెల్ల చొక్కాల వరుసను కొలిచిన మీటరు కూడా ఇలాగే బోల్తా కొట్టేది. ఇసుక మీద నల్లటి గేదె నిలబడితే లెక్క మళ్లీ తిరగబడుతుంది. రెంటిలో ఏది ముఖ్యమో నిర్ణయించుకోవడం యంత్రం వల్ల కాదు.

కృష్ణ ఇసుకను తేరిపార చూస్తే అందులో రెండు రకాల అలల గీతలున్నాయి. అక్టోబరు, నవంబరుల్లో వరద తీసినప్పుడు నీరు వేసి వెళ్లిన గీతలు పెద్దవి. వాటి వాలు ఎగువ వైపు మెల్లగా, దిగువ వైపు నిటారుగా ఉంటుంది. ప్రవాహం ఎటు సాగిందో ఒక్క బొమ్మ చూసి చెప్పవచ్చు. వేసవి ముదిరేకొద్దీ పైపొర ఆరి, గాలి దాన్ని చెరిపి సన్నటి కొత్త గీతలు గీస్తుంది. శరత్తులో ఒడ్డు వెంట రెల్లు తెల్లగా పూస్తుంది. ఆ రెల్లును ఎదురెండలో తీయని ఫొటోగ్రాఫరు విజయవాడలో ఉండడు. అందరూ తీసిందే అయినా ఏటేటా కొత్తగానే బాగుంటుందని ఒప్పుకోవాలి.

సామాను కాపాడుకోవడం మీద ఎక్కువ చెప్పనక్కర్లేదు. 1945 నుంచి 1950 వరకు అరేబియా ఎడారిలోని ‘ఖాళీ కోన’ను బెదూ తెగవాళ్లతో కలిసి ఒంటెల మీద దాటిన విల్ఫ్రెడ్ థెసిజర్, తన లైకా కెమెరాను ఇసుక దూరకుండా మేకతోలు సంచిలో పెట్టుకుని తిరిగాడు. ఇక్కడ జిప్పు ఉన్న ప్లాస్టిక్ సంచి చాలు. ఎడారిలో లేని బెడద డెల్టాలో మరొకటుంది, తేమ. ఏసీ గదిలోంచి తెచ్చిన లెన్సు ఘాటు దగ్గర తీయగానే ఆవిరి పట్టేస్తుంది. కెమెరాను సంచిలోనే కాసేపు బయటి వేడికి అలవాటు పడనివ్వాలి. సముద్రం వైపు వెళితే ఉప్పుగాలి కూడా తోడవుతుంది.

ఇసుక మీద బతుకు

ఖాళీగా ఉన్న ఇసుక అందంగా ఉంటుంది, కానీ ఈ ఏట్లో అది అబద్ధానికి దగ్గర. వంతెన రాకుండా, ట్రాక్టరు చక్రాల గుర్తులు కనబడకుండా, బట్టల మూటలు చట్రం అంచుకు తప్పుకునేలా జాగ్రత్తపడి తీసిన కృష్ణ ‘ఎడారి’ గోడకు తగిలించుకోవడానికి బాగుంటుంది. దాన్ని చూసి కృష్ణ ఒడ్డున పుట్టినవాడు కూడా ఊరి పేరు చెప్పలేడు. ఖాళీ నేలను తీయడమా, మనుషులతో కలిపి తీయడమా అన్న తేడా థార్ ఎడారిని తీసినవాళ్లలోనూ ఉంది. జైపూరులో పుట్టిన రఘుబీర్ సింగ్ 1981లో రాజస్థాన్ మీద తెచ్చిన రంగుల పుస్తకంలో నేల ఎంత ఉందో మనుషులు అంతే ఉన్నారు. ఇసుకతుఫానైనా, వానైనా, సంతైనా వాళ్ల మధ్యే జరుగుతుంది. నలుపు తెలుపే కళ అనుకునే రోజుల్లో భారతీయ జీవితాన్ని రంగు లేకుండా చూడలేమని ఆయన పట్టుబట్టాడు. రంగు సంగతి ఎలా ఉన్నా, మనిషిని తప్పించి నేలను చూపలేమన్నది డెల్టాకు ఇంకా బాగా వర్తిస్తుంది.

ఏట్లోని రోజు పొద్దు కంటే ముందే మొదలవుతుంది. మొదట కనబడేవాళ్లు మడుగుల్లో విసురువల వేసేవాళ్లు. వల చేతిలోంచి విడివడి గుండ్రంగా విచ్చుకునే ఆ అరక్షణం కోసం పత్రికల ఫొటోగ్రాఫర్లు కాచుకుని కూర్చుంటారు. ఆ తర్వాత రజకులు మూటలతో దిగుతారు. పాయల పక్కన బండలు, ఉతికిన చీరలు ఆరేసేందుకు కట్టిన తాళ్లు. వరుసగా ఆరే దుప్పట్ల వెనుక నుంచి ఎండ వచ్చినప్పుడు ఇసుకంతా రంగు నీడలు. ఏడు గంటలకు గేదెలు, ఎనిమిదికి క్రికెట్ పిల్లలు. లంకల వైపు ఇసుకలో గుంటలు తీసి ఎరువు వేసి పెంచే పుచ్చ, దోస పాదులు వేసవిలో ఏటి మధ్యనే పచ్చగా పాకుతాయి. పాదు పాదుకూ బిందెతో నీళ్లు మోసే మనిషి అక్కడ ఉంటాడు. మళ్లీ వరద వచ్చేలోగా పంట తీసుకోవాలి. ఇది ప్రతి ఏటా తిరిగి గీసుకునే పొలం, సరిహద్దురాళ్లు నిలవవు.

వీళ్లందరినీ మించి ఈ నేల రూపాన్ని మార్చేది ఇసుక తవ్వకం. నిజమైన ఎడారి ఇసుకను గాలి ఏళ్ల తరబడి దొర్లించి నున్నగా గుండ్రంగా చేస్తుంది. సిమెంటుతో సరిగా పట్టుకోదు. ఏటి ఇసుక రేణువుకు ఇంకా పలుకు ఉంటుంది కాబట్టి కాంక్రీటుకు అదే కావాలి. అందుకే సహారా ఇసుకను ఎవరూ లారీకెత్తరు, కృష్ణ ఇసుకకు మాత్రం రీచ్‌ల దగ్గర బారులు తీరతారు. పొక్లెయిన్ తవ్విన గుంట, దాని అంచున నిలిచిన ట్రాక్టర్లు, పడవలోంచి తట్టలతో ఒడ్డుకు ఇసుక మోసే కూలీలు దృశ్యంగా చాలా బలమైనవి. ఏటి అందాన్ని తీసే చాలామంది కెమెరాలు ఇటు మాత్రం తిరగవు. ఎడారి సౌందర్యం కోసం వచ్చినవాడు గుంటను తప్పించి తీయడం, గుంట కోసం వచ్చిన వార్తా ఫొటోగ్రాఫరు గుంటను మాత్రమే తీయడం అలవాటు. రెండూ ఒకే చట్రంలో ఉండే బొమ్మ అరుదు, విలువ దానికే ఎక్కువ.

ఎదుటి మనిషి అనుమతి గురించి ఇక్కడ కొంత ఆగాలి. స్నానఘట్టాల్లో తడిబట్టలతో ఉన్నవాళ్లు, పిండప్రదానాలు చేసేవాళ్లు, ఎండకు సొమ్మసిల్లినవాళ్లు అందరూ బహిరంగ స్థలంలోనే ఉంటారు. అంతమాత్రాన వాళ్ల మీద కెమెరాకు హక్కు వచ్చేయదు. 2016 ఆగస్టులో 12 రోజుల కృష్ణా పుష్కరాలకు వచ్చిన జనంలో ఎంతమంది తమకు తెలియకుండానే ఎవరి గోడకో ఎక్కారో! ఈ చర్చ కొత్తదేమీ కాదు. 1876-78 నాటి మద్రాసు కరువులో విల్లోబీ వాలెస్ హూపర్ అనే సైనికాధికారి, ఎముకల గూళ్లయిన మనుషులను గుంపులుగా కూర్చోబెట్టి ఫొటోలు తీశాడు. ఆ చిత్రాలు కరువు తీవ్రతను దూరదేశాలకు చాటాయి. ఆ మనుషులకు అన్నం పెట్టడానికి ముందు వరుసలో సర్దిన చెయ్యి ఎలాంటిదన్న ప్రశ్ననూ మిగిల్చాయి. ‘తీసుకోనా బాబాయ్?’ అని ఒక్క మాట అడిగితే బొమ్మ సహజత్వం పోతుందని కొందరి వాదన. అడిగాక పది నిమిషాలు అక్కడే కూర్చుంటే ఆ సహజత్వం తిరిగి వస్తుంది. వలవేసేవాడు ఫొటో కోసం వల వేయడం మానేసి చేప కోసం వేస్తాడు.

నిత్యజీవితాన్ని ఓపికతో తీసిన తెలుగువాళ్లలో వరంగల్లుకు చెందిన గుడిమళ్ల భరత్ భూషణ్‌ను గుర్తు చేసుకోవాలి. 2022లో కన్నుమూసిన ఆయన, తెలంగాణ పల్లెల ఇళ్ల తలుపులు, గోడలు, బతుకమ్మ, పనిపాటల్లోని ఆడవాళ్లను ఏళ్ల తరబడి తీశారు. ఆయన చిత్రాల్లోని చాలా తలుపులు, గోడలు ఇప్పుడు ఊళ్లలో లేవు. కృష్ణ ఒడ్డుకు అంత పట్టుదలగల కెమెరా ఇంకా బాకీ ఉంది.

బ్యారేజీ నుంచి సముద్రం దాకా

బ్యారేజీ దిగువ ఇసుక ఒక్కటే డెల్టాలోని ఎండునేల కాదు. కాలువలు కట్టేసిన ఏప్రిల్‌లో ఉయ్యూరు నుంచి మచిలీపట్నం దాకా దారి పొడవునా నల్లరేగడి నెర్రెలు విచ్చుకుంటుంది. వరి కోతకు ముందే తడి ఆరని చేలో మినుములు చల్లి, ఆ మిగులు తేమతోనే పంట తీయడం ఇక్కడి రైతుల పద్ధతి. మినుము పీకేశాక నేల మీద ఏమీ మిగలదు. ఐదారు మూలలతో ఒకదాన్నొకటి ఆనుకున్న పెళ్లలు, వాటి మధ్య చెయ్యి దూరేంత పగుళ్లు. ఈ నెర్రెలను పైనుంచి దగ్గరగా తీసిన బొమ్మను పత్రికలు ప్రతి కరువు వార్తకూ వాడేస్తాయి. నిజానికి అదే చేను మూడు నెలల ముందు పచ్చగా ఉంది, మరో మూడు నెలల్లో నాట్లకు సిద్ధమవుతుంది. తేదీ లేకుండా ఆ బొమ్మను కరువుకు సాక్ష్యంగా నిలబెట్టడం నేల పట్ల అన్యాయం.

ఇదే కాలంలో పెడన వైపు మరో రకం వెలుతురు దొరుకుతుంది. మచిలీపట్నం కలంకారీకి కేంద్రమైన ఆ ఊళ్లో కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డపై చెక్క అచ్చులు వేసి, రాగి గంగాళాల్లో ఉడికించి, కాలువలో జాడించి, నేల మీద పరిచి ఆరబెడతారు. పారే నీరు, మండే ఎండ రెండూ లేనిదే రంగు నిలవదు. మైదానం నిండా గజాల కొద్దీ పరిచిన ఎర్రటి, నల్లటి గుడ్డలను తిప్పి వేసే పనివాళ్లు పరుగులాంటి నడకతో కదులుతారు. గాలి లేచేలోపు అంచుల మీద రాళ్లు పెట్టాలి. ఫొటోగ్రాఫరు పక్కకు తప్పుకోకపోతే కేకలు తప్పవు.

ఉత్తరాన కొల్లేరు. 2002లో రామ్‌సర్ ఒప్పందం కింద అంతర్జాతీయ చిత్తడినేలగా గుర్తింపు పొందిన ఈ సరస్సు వానలు తప్పిన వేసవుల్లో చాలామేర ఎండిపోతుంది. ఆటపాక పెలికన్ల బొమ్మలు చూసి వచ్చినవాళ్లకు ఆ రోజుల్లో కనబడేది అడుగు బురద, దాని మీద మేసే పశువులు, ఒడ్డున బోర్లించిన దోనెలు. కొల్లేరు పక్షులకు ఉన్నన్ని ఫొటోలు ఎండిన కొల్లేరుకు లేవు.

సముద్రం దగ్గరపడేకొద్దీ ఇసుక మళ్లీ మొదలవుతుంది. తీరానికి సమాంతరంగా, లోపలికి మైళ్ల దూరం వరకు ఇసుక మెట్టలు వరుసలు తీరి ఉంటాయి. ఒకప్పుడు సముద్రపు అంచు అక్కడిదాకా ఉండేదనడానికి అవే గుర్తులు; కృష్ణ తెచ్చిన ఒండ్రు పేరుకునేకొద్దీ తీరం ముందుకు జరిగింది. బాపట్ల, చీరాల వైపు ఈ ఇసుకలోనే సేద్యం చేసే పద్ధతి ఫొటోగ్రాఫర్లకూ నీటి శాస్త్రజ్ఞులకూ సమానంగా ఆసక్తికరం. కింద ఉప్పునీరు ఉన్నా, వాన కురిసి ఇంకిన మంచినీరు తేలిక కాబట్టి దాని మీద పలుచటి పొరగా నిలుస్తుంది. కొన్ని అడుగుల లోతు గుంట తవ్వితే ఆ మంచినీరు ఊరుతుంది. దాన్నే దొరువు అంటారు. రైతు రెండు చేతుల్లో రెండు కుండలతో దొరువులోకి దిగి, ముంచుకుని, మడి మీద చల్లుకుంటూ తిరిగి వస్తాడు. లోతుగా తోడితే ఉప్పునీరు పైకి వచ్చేస్తుంది, అందుకే ఈ నీటికి మోటారు దూకుడు పనికిరాదు. బాపట్ల వ్యవసాయ శాస్త్రజ్ఞులు ఇసుక కింద చిల్లుల గొట్టాలు పరిచి, పైపొర నీటిని మాత్రమే ఒక బావిలోకి చేర్చే మెరుగైన దొరువులు రూపొందించాక కుండలు తగ్గాయి. కుండలతో తడిపే దృశ్యం బొమ్మకు బాగుంటుందనీ, గొట్టాల దొరువు రైతు నడుముకు బాగుంటుందనీ గుర్తుంచుకోవాలి.

చినగంజాం ఉప్పు మడుల్లో తెల్లదనం ఇసుకను మించినది. మీటరుకు చెప్పుకున్న లెక్క ఇక్కడ మరింత పెంచాలి. మచిలీపట్నం దగ్గర గిలకలదిండిలో నెత్తళ్లు, సావిడాయిలు ఎండబెట్టే చోట చేపల మెరుపు అద్దాలు పరిచినట్టు కళ్లలో కొడుతుంది. కాకుల్ని తోలే ఆడవాళ్ల చీరలే ఆ వెండిరంగులో కంటికి ఆధారం. మంగినపూడిలో తీరం నల్లమట్టిది, తడిసినప్పుడు కెమెరాకు పూర్తిగా వేరే సమస్య. పులిగడ్డ దగ్గర నది చీలిన తర్వాత ఏర్పడిన దివిసీమ చివర, హంసలదీవి వద్ద ఇసుక మేట సముద్రంలోకి చొచ్చుకుపోయి ఏటేటా రూపు మార్చుకుంటుంది. శీతాకాలం చివర ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఎక్కే తీరం కావడంతో రాత్రివేళ ఫ్లాష్ వెలిగించకూడదు. వెలుతురుకు తాబేలు దారి తప్పుతుంది.

దివిసీమ ఇసుకను తీసేవారెవరూ 1977 నవంబరు 19ని మరచిపోలేరు. ఆ రోజు తుఫాను అల తీరపు ఊళ్లను తుడిచిపెట్టింది. మృతులు పదివేలని అధికారిక అంచనా. తర్వాతి వారాల్లో పత్రికల్లో వచ్చిన ఫొటోల్లో నేల నిజంగానే ఎడారిలా ఉంది: ఇళ్లు లేవు, చెట్లు విరిగి, పొలాల మీద ఉప్పు ఇసుక. ఇప్పుడు తీరం వెంట కనిపించే సరుగుడు తోటలు, తుఫాను షెల్టర్లు ఆ తర్వాతివే ఎక్కువ. అందంగా గాలికి ఊగే సరుగుడు వరుస అలాంటి మరో రోజుకు కట్టిన అడ్డుగోడ అని తెలిసి తీస్తే బొమ్మలో ఆ షెల్టరుకు కూడా చోటు దొరుకుతుంది.

తెలుగువాళ్ల అసలు ఎడారులు

తెలుగునేల మీద ఎడారికి నిజంగా దగ్గరైన చోటు డెల్టాకు దూరంగా అనంతపురం జిల్లాలో ఉంది. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే దిక్కయిన ఆ జిల్లాలో, బొమ్మనహాళ్, కణేకల్లు మండలాల్లో వేదవతి (హగరి) నది ఎండిన గర్భం నుంచి గాలికి లేచిన ఇసుక పొలాలను కప్పేస్తోంది. అక్కడ దిబ్బ అంచు ముందుకు జరిగి కంచెను, ఆ తర్వాత చేనును మింగుతుంది. ఒకే చోట నిలబడి ఏడాదికోసారి తీస్తే తప్ప ఆ కదలిక బొమ్మకు చిక్కదు. విశాఖ దగ్గర భీమిలి ఎర్రమట్టి దిబ్బలది వేరే కథ. 2014లో భూవారసత్వ స్థలంగా గుర్తించిన ఆ ఎర్రటి లోయలను సినిమావాళ్లు ఎప్పటినుంచో వాడుకుంటున్నారు.

ఇక గల్ఫ్. గోదావరి, కడప, కరీంనగర్ ప్రాంతాల నుంచి కువైట్, సౌదీ, దుబాయ్ వెళ్లిన లక్షలాది మంది చేతిలో ఫోనుంది. సెలవు రోజున ఇసుకదిబ్బ మీద నలుగురు స్నేహితులు, పక్కన అద్దె కారు. ఒంటెల దొడ్డి ముందు ఒంటరి కాపరి. క్యాంపు గది కిటికీలోంచి దుమ్ముతుఫాను. ఇంటికి పంపిన వాట్సాప్ ఫొటోల్లో ఇవన్నీ ఉన్నాయి. ఎడారి మీద తెలుగువాళ్లు తీసిన అతి పెద్ద చిత్రసంపుటి ఇదే కావచ్చు. ఏ గ్యాలరీలోనూ వేలాడదు, ఫోను పాడైతే పోతుంది.

మారిపోయే నేల, మిగిలే బొమ్మ

కృష్ణ ఇసుక మీద గీసిన గీత ఏడాది నిలవదు. 2009 అక్టోబరు వరద ఒకసారి, 2024 సెప్టెంబరు మొదట్లో 11.43 లక్షల క్యూసెక్కులతో బ్యారేజీ చరిత్రలోనే అత్యధిక ప్రవాహం ఇంకోసారి ఈ ఏటి అడుగును తిరగరాశాయి. ఆ రెండోసారి బుడమేరు వాగు కూడా పొంగి విజయవాడ పల్లపు కాలనీలు రోజుల తరబడి నీటిలో ఉన్నాయి. వరద తీశాక పాయలు దారి మార్చుకుంటాయి, పాత మడుగు పూడిపోతుంది, కొత్త దిబ్బ లేస్తుంది. ఎగువన శ్రీశైలం, నాగార్జునసాగర్ లాంటి జలాశయాలు ఒండ్రును ఆపేస్తుండటంతో కిందికి వచ్చే ఇసుక తగ్గింది, తవ్వి తీసేది పెరిగింది. సముద్రం అంచున డెల్టా కోతకు గురవుతోంది. 2015 నుంచి పట్టిసీమ ఎత్తిపోతల ద్వారా గోదావరి నీరు ఇబ్రహీంపట్నం దగ్గర కృష్ణలో కలుస్తుండటంతో బ్యారేజీ ఎగువ నీటిమట్టం తీరూ మారింది. ఈ మార్పులన్నిటికీ ఇంజనీర్ల దగ్గర అంకెలున్నాయి. కంటికి కనిపించే రుజువు మాత్రం ఫొటోల్లోనే ఉంది: ఫలానా వంతెన స్తంభానికి ఇసుక ఎంత ఎత్తున ఆనుకుని ఉండేదో పాత పెళ్లి ఆల్బం వెనుక దృశ్యం కూడా చెప్పగలదు.

కృష్ణాతీరపు వస్తువులను కెమెరా పట్టుకున్న తొలి సందర్భాల్లో ఒకటి 1858 నాటిది. బ్రిటిష్ అధికారి వాల్టర్ ఇలియట్ 1845లో అమరావతి స్తూపం దగ్గర తవ్వించి మద్రాసుకు చేర్చిన శిల్పాలను ఫొటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ అక్కడి మ్యూజియంలో ఫొటోలు తీశాడు. ఆ తర్వాత శిల్పాల్లో చాలా భాగం లండన్ చేరాయి. ట్రైప్ చిత్రాలు ఇప్పటికీ పరిశోధకులకు పనికొస్తున్నాయంటే ఏ రాయి ఏదో, ఎప్పుడు తీసిందో తెలిసి ఉండటం అందుకు ఒక కారణం. అదే కొలమానం ఏటి ఇసుకకూ పెట్టుకోవచ్చు. తేదీ, వేళ, ఏ ఘాటు, ఎటు తిరిగి తీసింది, ఆ వారం బ్యారేజీ గేట్లు ఎత్తారా దించారా: ఈ ఐదు ముక్కలు బొమ్మ వెనుక రాసి ఉంటే అది అలంకారం నుంచి ఆధారంగా మారుతుంది.

విజయవాడ స్టూడియోల్లోనూ, పత్రికా కార్యాలయాల్లోనూ దశాబ్దాల నెగెటివులు డబ్బాల్లో ఉన్నాయి. ఎసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు కుళ్లి వెనిగర్ వాసన వేయడం మొదలుపెడితే ఆ పాడు పక్క డబ్బాకూ అంటుకుంటుంది. ఈ ఊరి వాతావరణంలో వేడీ తేమా రెండూ పుష్కలం. వాసన తగిలిన డబ్బాను వెంటనే వేరు చేసి, చల్లని పొడి గదిలో ఉంచి, స్కాన్ చేయించడం తప్ప దారి లేదు. డిజిటల్ బొమ్మలకు ఆ కుళ్లు లేదు గానీ హార్డ్ డిస్కులు చెప్పకుండా చస్తాయి. ఒకే బొమ్మను కనీసం రెండు చోట్ల, అందులో ఒకటి వరద నీరు చేరని ఇంట్లో ఉంచాలని 2024 తర్వాత ఈ ఊళ్లో ఎవరికీ విడిగా చెప్పనక్కర్లేదు.